డ్యాం పంపు ఆగిన రాత్రి: సీసంలోకి జింకు ఎక్కిన ఒక కేసు

ఏప్రిల్ రెండో వారంలో ఒక సోమవారం పొద్దున ల్యాబ్ నుంచి వచ్చిన చీటీలో, సీసం కాన్సన్‌ట్రేట్‌లో (ధాతువులోంచి రాయి తీసేశాక మిగిలే సీసపు పొడిలో) జింకు 7.8 శాతం అని ఉంది. మాకు మామూలుగా ఉండేది 4.5. ల్యాబ్ వాళ్లు పొరపాటు పడ్డారనుకున్నాం. అంకె నచ్చకపోతే ముందు ల్యాబ్‌ని అనుమానించడం మా వృత్తిలో పాత అలవాటు. అదే నమూనాను మళ్లీ చేయించాం. 7.9 వచ్చింది. నెలాఖరుకు 10 దాటింది.

ఇది రాజస్థాన్‌లో ఆరావళి కొండల పక్కన ఉన్న ఒక సీసం-జింకు ప్లాంటులో జరిగింది. పేరు అక్కర్లేదు. అప్పుడు నేను అక్కడ ప్లాంట్ మెటలర్జిస్టును. మాది వినుకొండ వైపు. మా దగ్గర్లోని బండ్లమోటులో ఒకప్పుడు సీసం గని నడిచేది. అక్కడి నుంచి ఎవరో తెచ్చిచ్చిన గలీనా (సీసం ధాతువు) రాయి ఒకటి చిన్నప్పుడు మా ఇంట్లో గుమ్మం తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టేవాళ్లం. పిడికిలంత రాయి, ఎత్తబోతే చెయ్యి కిందికి లాగేసేది. నీటికంటే ఏడున్నర రెట్లు బరువు. ఈ ఉద్యోగంలోకి రావడానికి అదే కారణమని చెప్పను గానీ, సీసం ధాతువును చూస్తే ఇప్పటికీ ఆ రాయే గుర్తొస్తుంది.

ముందు ప్లాంటు సంగతి. రోజుకు 3,000 టన్నుల ధాతువు వస్తుంది. అందులో సీసం సుమారు 1.9 శాతం, జింకు 6 శాతం. సీసం గలీనా రూపంలో, జింకు స్ఫాలరైట్ రూపంలో ఉంటాయి. రెండూ సల్ఫైడ్లే. వాటితోపాటు పైరైట్, కాస్త చాల్కోపైరైట్, మిగతాదంతా పనికిరాని రాయి. ధాతువును బాల్ మిల్లులో పిండిలా నూరి, ముందు సీసాన్ని తేల్చి తీస్తాం. జింకును ఆ దశలో కిందే ఉంచి, తర్వాతి వరసలో తేలుస్తాం. మిగిలిన బురదను టెయిలింగ్ అంటాం, అది టెయిలింగ్ డ్యాంకు పోతుంది.

పదో తరగతి పుస్తకంలో ప్లవన ప్రక్రియ (ఫ్లొటేషన్) అంటే ఒక తొట్టి, అందులో నీళ్లు, పైన్ ఆయిల్, గాలి బుడగలు, నురుగు మీదికి వచ్చిన సల్ఫైడ్ ఖనిజం. ఆ బొమ్మ తప్పు కాదు. కానీ ప్లాంటులో అసలు పని సల్ఫైడును తేల్చడం కాదు. రెండు సల్ఫైడ్లున్నప్పుడు ఒకదాన్ని తేలకుండా ఆపడం. ఇంటర్ పుస్తకంలో దీని గురించి ఒక్క వాక్యం ఉంటుంది: సోడియం సయనైడ్ వేస్తే జింక్ సల్ఫైడ్ నురుగులోకి రాదు, లెడ్ సల్ఫైడ్ వస్తుంది అని. ఆ ఒక్క వాక్యం మీదే నాకు జీతం వచ్చేది.

కొంచెం వివరంగా చెప్తాను, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. ఖనిజపు రేణువును బుడగకు అతుక్కునేలా చేసే మందును కలెక్టర్ అంటాం. జిల్లా కలెక్టరుతో దీనికి సంబంధం లేదు. మా కలెక్టర్ జాంథేట్. పసుపు రంగు, కుళ్లిన క్యాబేజీ వాసన. ఒకసారి చొక్కాకు అంటితే మూడు ఉతుకుల దాకా వదలదు. 1925లో కెల్లర్ దీనికి పేటెంట్ తీసుకున్నప్పటి నుంచి సల్ఫైడ్ ఫ్లొటేషన్ దీని మీదే నడుస్తోంది. గలీనా జాంథేట్‌ను వెంటనే పట్టుకుంటుంది. శుభ్రమైన స్ఫాలరైట్ అంత తేలిగ్గా పట్టుకోదు. ఆ తేడాయే మాకు ఆధారం. ఇంకా గట్టిగా ఆపడానికి జింక్ సల్ఫేట్, కొంచెం సయనైడ్ వేస్తాం. షెరిడాన్, గ్రిస్‌వోల్డ్ అనే ఇద్దరు 1922లో తెచ్చిన పద్ధతి ఇది. వందేళ్లు దాటినా దీన్ని పూర్తిగా పక్కకు నెట్టినది రాలేదు.

సీసం తీశాక మాకు స్ఫాలరైట్ తేలాలి. అప్పుడు సున్నంతో పీహెచ్‌ను 11కు పెంచి, కాపర్ సల్ఫేట్ వేస్తాం. రాగి అయాన్లు స్ఫాలరైట్ రేణువు పైపొరలోని జింకును బయటికి నెట్టి, ఆ స్థానంలో కూర్చుంటాయి. రేణువు లోపల జింక్ సల్ఫైడే, పైన మాత్రం కాపర్ సల్ఫైడ్ తొడుగు. ఆ తొడుగును జాంథేట్ ఇష్టంగా పట్టుకుంటుంది, రేణువు తేలుతుంది. దీన్ని యాక్టివేషన్ అంటాం.

అంటే సీసం వరసలో రాగి మాకు పడదు, జింకు వరసలో రాగి లేకపోతే పని జరగదు. రెండు వరసల మధ్య దూరం నలభై అడుగులు.

జింకు 10 శాతం ఎక్కితే ఏమవుతుందో లెక్క వేసి చెప్తాను. మామూలు రోజుల్లో మేము రోజుకు దాదాపు 77 టన్నుల సీసం కాన్సన్‌ట్రేట్ తీసేవాళ్లం. సీసం 58 శాతం, జింకు 4.5 శాతం. అంటే అందులో పోయే జింకు మూడున్నర టన్నులు. ఏప్రిల్ చివర్లో అది 88 టన్నులయింది, సీసం 50 శాతానికి పడిపోయింది. జింకు 10 శాతం, అంటే 8.8 టన్నులు. రోజుకు అయిదు టన్నులకు పైగా జింకు, డబ్బు రాని చోటికి పోతోంది. సీసం స్మెల్టరు, అంటే కాన్సన్‌ట్రేట్‌ను కరిగించి లోహం తీసే కర్మాగారం, తన కాన్సన్‌ట్రేట్‌లోని జింకుకు పైసా ఇవ్వదు, పైగా పెనాల్టీ వేస్తుంది.

వాళ్ల బాధ వాళ్లది. బ్లాస్ట్ ఫర్నేసులో జింకు లోహంగా కిందికి దిగదు, ఆక్సైడ్‌గా స్లాగ్‌లోకి (కరిగిన చిట్టెంలోకి) పోతుంది. స్లాగ్ చిక్కబడుతుంది, గోడలకు పెచ్చులు కడుతుంది. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. అదే సీసాన్ని తర్వాత శుద్ధి చేసేటప్పుడు వాళ్లే చేతులారా జింకు వేస్తారు. కరిగిన సీసంలోంచి ముందు రాగిని తెట్టుగా తీసేస్తారు, తర్వాత ఆంటిమొనీ, ఆర్సెనిక్, తగరాలను ఆక్సైడ్లుగా మార్చి తీసేస్తారు. చివరికి మిగిలిన వెండి కోసం జింకు కలుపుతారు. వెండి సీసాన్ని వదిలి జింకుతో కలిసి పైకి పొరలా తేలుతుంది. 1850లో పార్క్స్ కనిపెట్టిన పద్ధతి. అంటే అక్కడ జింకు చుట్టమే, కాకపోతే పిలిచినప్పుడు మాత్రమే రావాలి. స్మెల్టరు తరఫున మాకు ఫోన్ చేసే పెద్దమనిషి ఈ మాటను నవ్వుతూనే చెప్పేవాడు, తర్వాత పెనాల్టీ బిల్లు పంపేవాడు.

మేము ముందుగా చేసిన తప్పులు

సమస్య మొదలైన వారమే గనిలో కొత్త స్టోప్ (ధాతువు తవ్వి తీసే చోటు) నుంచి ధాతువు రావడం మొదలైంది. అందులో చాల్కోపైరైట్ కాస్త ఎక్కువని జియాలజీ వాళ్ల రిపోర్టు. ఇంకేం, దొంగ దొరికాడనుకున్నాం. చాల్కోపైరైట్‌లో రాగి ఉంటుంది, అది నలిగి గాలి తగిలితే కొంత నీటిలో కరుగుతుంది, స్ఫాలరైట్‌ను యాక్టివేట్ చేస్తుంది. థియరీ చక్కగా కుదిరింది. తేదీలు కూడా కలిశాయి. రెండూ కలిసినప్పుడు మనిషి ఇంక మూడోది వెతకడు.

మందు కూడా వెంటనే పెంచాం. జింక్ సల్ఫేట్ టన్నుకు 500 గ్రాముల నుంచి 900కి, సయనైడ్ 40 నుంచి 90కి. రెండు రోజులు బాగుంది. జింకు 7కి దిగింది. మూడో రోజు మళ్లీ 9. ఇంకొంచెం పెంచాం. మళ్లీ అదే వరస. సయనైడ్ వాడే చోట ఇంకో భయం ఉంటుంది. పీహెచ్ 9.2 దగ్గర సగం సయనైడ్ విషవాయువు రూపంలోకి మారుతుంది, ఇంకా దిగితే చెప్పక్కర్లేదు. మా సీసం వరస 9.5 దగ్గర నడిచేది. డోసు పెరిగేకొద్దీ ఆ మీటరు మీదే నా కళ్లు. ఆ నెలలో నాకు వచ్చిన టెన్షన్‌లో సగం జింకు వల్ల, సగం దీని వల్ల.

ఈలోగా జింకు వరసలో కొత్త గొడవ. అక్కడ జింకు సరిగా తేలడం మానేసింది. ఎందుకు తేలుతుంది? సీసం వరసలో వేసిన సయనైడంతా అక్కడికే వస్తోంది, వచ్చి కాపర్ సల్ఫేట్‌ను కట్టిపడేస్తోంది. షిఫ్ట్ ఇన్‌ఛార్జీలు తమకు తెలిసిన వైద్యం చేశారు. కాపర్ సల్ఫేట్‌ను టన్నుకు 400 గ్రాముల నుంచి 620కి పెంచారు. జింకు తేలింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ నిర్ణయం సరైనదేనని రిజిస్టరులో సంతకం పెట్టింది నేనే.

నూరడం మీద కూడా అనుమానపడ్డాం. రేణువు పెద్దదైతే గలీనా, స్ఫాలరైట్ ఒకే రేణువులో అతుక్కుని ఉంటాయి, గలీనా తేలితే స్ఫాలరైట్ కూడా దాని వీపు మీద వచ్చేస్తుంది. అలాంటప్పుడు మందులు ఏమీ చేయలేవు, ఇంకా మెత్తగా నూరాలి. సైక్లోన్లు (నూరిన పొడిని సైజుల వారీగా వేరుచేసే గరాటులు) మార్చి వారం పాటు మెత్తగా నూరాం. కరెంటు ఖర్చయింది, జింకు తగ్గలేదు.

నేను మొదటే చేయాల్సిన పని ఒకటుంది, అప్పుడు చేశాను. సీసం కాన్సన్‌ట్రేట్‌ను సైజుల వారీగా జల్లించి, ఒక్కో భాగాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూడటం. రెండు రోజుల పని. చూస్తే, ఎక్కిన స్ఫాలరైట్‌లో మూడొంతులకు పైగా ఒంటరి రేణువులే, గలీనా అతుక్కున్నవి కావు. పైగా అవి 20 నుంచి 60 మైక్రాన్ల మధ్య ఉన్నాయి. మరీ సన్నటి బురదైతే నీటితోపాటు నురుగులోకి కొట్టుకొచ్చిందనుకోవచ్చు, కానీ అదే సైజులో క్వార్ట్జ్ దాదాపు లేదు. నీళ్లు మోసుకొస్తే రెండింటినీ మోసుకురావాలి కదా. అంటే ఈ స్ఫాలరైట్ తనంతట తాను బుడగను పట్టుకుని తేలింది. నూరుడు కాదు, కెమిస్ట్రీ. అప్పటికి మే నెల మూడో తేదీ.

పాత ఫ్లోటర్ మాట

మా ప్లాంటులో ఇరవై ఏళ్లుగా సెల్స్ (నురుగు తేల్చే తొట్లు) దగ్గర పనిచేస్తున్న ఫ్లోటర్ ఒకాయన ఉండేవాడు. అక్కడి ఊరివాడే. నురుగును అరచేత్తో తీసి, నల్ల రబ్బరు పళ్లెంలో నీళ్లు పోసి అటూ ఇటూ తిప్పి, ల్యాబ్ రిపోర్టు రాకముందే అంకె చెప్పేసేవాడు. గలీనా బాగా వస్తే పళ్లెంలో వెండి గీతలా మెరుస్తుంది. స్ఫాలరైట్ కలిస్తే దాని పక్కన తేనె రంగు అంచు కడుతుంది. మా ఊళ్లో ఆడవాళ్లు చేటలో బియ్యం చెరిగి మట్టిగడ్డల్ని ఒక పక్కకు తెచ్చినట్టే.

ఆయన ఒక పొద్దున నా టేబుల్ దగ్గరికి వచ్చి, "సాబ్, రాత్రి డ్యాం పంపు ఆగింది. నురుగు చూశారా? డిసెంబర్‌లో ఉన్నట్టుంది," అన్నాడు.

నేను చూడలేదు. రాత్రి డ్యాం దగ్గరి పంపుహౌస్‌కు లైను ట్రిప్పయి, తొమ్మిది గంటల పాటు అక్కడి నుంచి నీళ్లు రాలేదట. ప్లాంటు ఆగకుండా ట్యాంకులో నిల్వ ఉన్న మంచినీళ్లతో నడిపారు. దాన్ని నీటి వృథా కింద రిపోర్టు రాసి, ఎవరో ఒకరికి మెమో ఇవ్వాలని కూడా అనుకుంటున్నారు. రాత్రి షిఫ్ట్ నమూనా తీయించాను. అంతకు ముందు షిఫ్ట్‌లో జింకు 10.2. రాత్రి 6.1. తర్వాతి షిఫ్ట్‌లో 9.7. అదే స్టోప్, అదే నూరుడు, అవే మందులు.

"ఇంతకు ముందు కూడా ఇలా అయిందా?" అని అడిగాను.

"పంపు ఆగిన ప్రతిసారీ, సాబ్. కానీ నీళ్ల గురించి మమ్మల్ని ఎవరు అడుగుతారు?"

రిజిస్టర్లు తిరగేశాం. ఆయన చెప్పింది నిజమే. మార్చి నుంచి పంపు ఆగిన మూడు సందర్భాల్లోనూ జింకు పడిపోయింది. రెండిట్లో తక్కువ సేపు కాబట్టి షిఫ్ట్ సగటులో మునిగిపోయింది, మాకు కనిపించలేదు. ఆ మెమో ఆపించాను.

ఇప్పుడు తేదీలను ఇంకో కంటితో చూశాను. రాజస్థాన్‌లో మార్చి దాటితే నీటి కటకట మొదలవుతుంది. మంచినీళ్లు ఆదా చేయడానికి టెయిలింగ్ డ్యాంలో తేరిన నీళ్లను ఎక్కువగా వెనక్కి తెచ్చుకుంటాం. చలికాలంలో ఆ వాటా 55 శాతం. ఏప్రిల్‌కు 80 దాటింది. కొత్త స్టోప్ కూడా అప్పుడే మొదలైంది. రెండు మార్పులు ఒకే వారంలో జరిగితే మేము ఒక్కదాన్నే చూశాం.

బెంచ్ మీద తేల్చుకోవడం

పంపు ఆగడం ఒక సూచనే, రుజువు కాదు. కాబట్టి ల్యాబ్‌లో చిన్న ఫ్లొటేషన్ సెల్‌లో పరీక్షలు పెట్టాం. ఒక్కో పరీక్షకు కిలో ధాతువు.

మొదటి వారం పరీక్షలన్నీ చెత్తబుట్టకు వెళ్లాయి. తప్పు నాదే. నమూనాలను ఓవెన్‌లో ఎండబెట్టి సంచుల్లో నిల్వ చేయించాను. సల్ఫైడ్ ధాతువు అలా ఉంటే పైపొర ఆక్సీకరణం చెందుతుంది. అది తేలే తీరే మారిపోతుంది. ఒకే ధాతువుకు మూడు సార్లు మూడు రకాల ఫలితాలు వచ్చాక తెలిసింది. తర్వాత నమూనాలను పగలగొట్టిన వెంటనే మూటకట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టించాను. క్యాంటీన్ వాళ్ల పాత ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ అది. ప్రతి పరీక్షకు ముందు అప్పటికప్పుడు నూరుకున్నాం.

రెండు ధాతువులు, రెండు నీళ్లు, నాలుగు కలయికలు. పాత స్టోప్ ధాతువు, మంచినీళ్లు: సీసం రఫర్ కాన్సన్‌ట్రేట్‌లో జింకు 7 శాతం. పాత స్టోప్, డ్యాం నీళ్లు: 13.5. కొత్త స్టోప్, మంచినీళ్లు: 8.5. కొత్త స్టోప్, డ్యాం నీళ్లు: 15.5. ఇవి మొదటి దశ నురుగులోని అంకెలు కాబట్టి ప్లాంటు చివరి అంకెల కంటే ఎక్కువగానే ఉంటాయి. తేడాలను చూడండి. ధాతువు మారితే పెరిగింది ఒకటిన్నర, రెండు. నీళ్లు మారితే పెరిగింది ఆరున్నర, ఏడు. మేము నెల రోజులుగా చిన్న దొంగ వెంట పడ్డాం.

నీళ్లలో ఏముందో చూడటానికి అటామిక్ అబ్జార్ప్షన్ యంత్రం మీద రాగి కొలిపించాం. మంచినీళ్లలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము కూడా లేదు. డ్యాం నీళ్లలో 1.9. నిజానికి నాకు ఇది మొదట నమ్మబుద్ధి కాలేదు. జింకు వరస పీహెచ్ 11 దగ్గర నడుస్తుంది, అక్కడ రాగి హైడ్రాక్సైడ్‌గా మారి అడుక్కి దిగిపోవాలి. నీటిలో మిగలకూడదు.

అక్కడే మా వైద్యం అడ్డం తిరిగింది. సయనైడ్ రాగిని పట్టుకుంటే అది సున్నానికి లొంగదు. కరిగిన సంక్లిష్ట లవణంగా నీటిలోనే ఉండిపోతుంది. టెయిలింగ్‌తో డ్యాంకు పోతుంది. అక్కడ ఎండకు, గాలికి సయనైడ్ మెల్లగా విరిగిపోతుంది, రాగి పట్టు వదులుతుంది. ఆ నీళ్లను పంపు మళ్లీ మా బాల్ మిల్లులో పోస్తుంది. సీసం వరసలో జింకు తేలుతుంది. మేము సయనైడ్ పెంచుతాం. జింకు వరస మొండికేస్తుంది, కాపర్ సల్ఫేట్ పెంచుతాం. ఇంకాస్త రాగి డ్యాంకు పోతుంది. డోసు పెంచినప్పుడల్లా రెండు రోజులు బాగుండి మూడో రోజు తిరగబెట్టడానికి కారణం ఇదే. పంపు తెచ్చే నీళ్లు టెయిలింగ్ పైపుకు దగ్గరగా ఉన్నవి కాబట్టి, ఆ చుట్టు తిరగడానికి రెండు మూడు రోజులే పట్టేది.

రాగి ఒక్కటే అయితే కథ ఇక్కడితో అయిపోవాలి. మంచినీళ్లలో లీటరుకు రెండు మిల్లీగ్రాముల రాగి మేమే కలిపి పాత స్టోప్ ధాతువును తేల్చి చూశాం. జింకు 11కు వచ్చింది, 13.5కు రాలేదు. మిగతాది వాడగా మిగిలిన జాంథేట్ పని అనుకున్నాం. డ్యాం నీళ్లను యాక్టివేటెడ్ కార్బన్‌తో వడగట్టి పరీక్షిస్తే 11.4 వచ్చింది. కార్బన్ ఏమేం పీల్చుకుందో నిక్కచ్చిగా విడదీయలేం, కాబట్టి ఈ భాగాన్ని రుజువు అనను. జింకు వరసకు వేసిన జాంథేట్ కొంత తిరిగి సీసం వరసకు వస్తోందని చెప్పడానికి మాత్రం చాలు. వాసన కూడా అదే చెప్పేది. ప్రాసెస్ వాటర్ ట్యాంకు మూత తీస్తే క్యాబేజీ కంపు.

ఏం మార్చాం

మొదట సోడియం సల్ఫైడ్ ప్రయత్నించాం. మిల్లులో కొద్దిగా వేస్తే నీటిలోని రాగి సల్ఫైడ్‌గా దిగిపోతుంది. ల్యాబ్‌లో అద్భుతంగా పనిచేసింది. ప్లాంటులో మూడు రోజులు నడిపాం. మోతాదు కాస్త ఎక్కువైతే గలీనా కూడా తేలడం మానేస్తుంది. మా ఫీడరు అంత నాజూకుగా పనిచేసేది కాదు. సీసం రికవరీ (ధాతువులోని సీసంలో మాకు దక్కే వాటా) 78 శాతం నుంచి 71కి పడింది. మా ధాతువులో వెండి ఎక్కువగా గలీనాతోనే ఉంటుంది, సీసం పోతే వెండి కూడా పోతుంది. ఆపేశాం. ఇది కొత్తగా చేరే పిల్లలకు ప్రత్యేకంగా చెప్తుంటాను: ల్యాబ్‌లో గెలిచిన మందు, దాన్ని వేసే పంపు దగ్గర ఓడిపోవచ్చు.

పనిచేసింది ప్లంబింగ్. అప్పటిదాకా అన్ని నీళ్లూ ఒకే ట్యాంకులో కలిసేవి: డ్యాం నీళ్లు, మంచినీళ్లు, సీసం థికెనర్ (కాన్సన్‌ట్రేట్ అడుక్కి దిగి నీళ్లు తేరే పెద్ద తొట్టి) పైనుంచి పొర్లే నీళ్లు, జింకు థికెనర్ పొర్లు నీళ్లు. అక్కడి నుంచి అందరికీ ఒకే నీళ్లు. జింకు థికెనర్ నీళ్లలో రాగి, జాంథేట్ అన్నిటికంటే ఎక్కువ. దాన్ని విడదీసి జింకు వరసకే తిప్పాం. అక్కడ ఆ రెండూ మాకు కావలసినవే. సీసం థికెనర్ నీళ్లు సీసం వరసకే. ఉన్న కాసిని మంచినీళ్లను ఎక్కడపడితే అక్కడ కాకుండా, బాల్ మిల్లుకు, సీసం క్లీనర్ల (నురుగును మళ్లీ శుద్ధి చేసే సెల్స్) లాండర్లకు (నురుగు పారే కాలువలకు) మాత్రమే ఇచ్చాం. దీనికి 340 మీటర్ల పైపు, ఒక చిన్న ట్యాంకు, రెండు పాత పంపులు సరిపోయాయి. మొత్తం మంచినీళ్ల వాడకం ఒక్క చుక్క పెరగలేదు. ఈ ఒక్క వాక్యం వల్లే మేనేజ్‌మెంట్ దగ్గర ఫైలు కదిలింది.

డ్యాంలో పంపు ఉండే తేలే పంటును టెయిలింగ్ పైపుకు దూరంగా, అవతలి గట్టుకు లాగించాం. నీళ్లు అక్కడికి చేరేలోపు ఇంకా కొన్ని రోజులు ఎండలో ఉంటాయి. జాంథేట్ విరిగిపోతుంది, సయనైడ్ వదిలిన రాగి చాలావరకు దిగిపోతుంది.

డోసులు తగ్గించడానికి మాత్రం షిఫ్ట్ వాళ్లను ఒప్పించడం కష్టమైంది. చేదు అనుభవం వాళ్లది. కాపర్ సల్ఫేట్ తగ్గించి జింకు రికవరీ పడిపోతే మాట పడేది వాళ్లే. రోజుకు 20 గ్రాముల చొప్పున తగ్గించాం, ముందు సయనైడ్, ఆ తర్వాత కాపర్ సల్ఫేట్. సయనైడ్ 90 దాటిన చోట నుంచి 45కి, కాపర్ సల్ఫేట్ 620 నుంచి 380కి దిగాయి. జింకు రికవరీ ఏమీ పడలేదు. జింక్ సల్ఫేట్‌ను కండిషనర్‌లో (మందు కలిపే తొట్టిలో) కాకుండా నేరుగా బాల్ మిల్లులోకి మార్చాం. స్ఫాలరైట్ కొత్తగా పగిలిన ముఖం బయటపడే చోటే మందు ఉండాలి, రాగి వచ్చి కూర్చున్నాక కాదు.

ఆరు వారాలు పట్టింది. జూన్ చివరికి సీసం కాన్సన్‌ట్రేట్‌లో సీసం 56.5, జింకు 5.2. పాత 4.5కు రాలేదు. కొత్త స్టోప్‌లోని చాల్కోపైరైట్ పాపం నిజంగానే ఆ మిగిలిన కొసరు. దానికి మా దగ్గర మందు లేదు, గనిలో రెండు స్టోప్‌ల ధాతువు కలిపి పంపమని అడగడం తప్ప.

ఇంతకీ అవతలి వైపు, అంటే జింకు కాన్సన్‌ట్రేట్ కొనే స్మెల్టరు, ఈ గొడవంతటిలో ఏమీ అనలేదు. ఇంజినీరింగ్ రోజుల్లో విశాఖ జింకు స్మెల్టరు చూడటానికి వెళ్లాను. 1977లో మొదలై, 2012లో మూతపడింది. కాన్సన్‌ట్రేట్‌ను 900 డిగ్రీలకు పైన భర్జనం చేసి, వచ్చిన ఆక్సైడ్‌ను పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగిస్తారు. ఆ ద్రావణంలో జింకు పొడి వేసి రాగి, కాడ్మియం, కోబాల్ట్‌లను దించేస్తారు. ఆ తర్వాతే విద్యుద్విశ్లేషణ. అల్యూమినియం రేకు మీద పేరుకున్న జింకును ఒలిచి తీస్తారు. ఆంటిమొనీ, జెర్మేనియం లాంటివి అణుమాత్రం మిగిలినా రేకు మీది జింకు తిరిగి కరిగిపోతుందని అక్కడి ఇంజినీరు చెప్పినప్పుడు అతిశయోక్తి అనుకున్నాను. లీటరుకు 1.9 మిల్లీగ్రాముల రాగి మమ్మల్ని రెండున్నర నెలలు నిద్రపోనివ్వలేదు కాబట్టి, ఇప్పుడు అలా అనుకోను. మా ప్లాంటుకు దగ్గర్లోనే ఉదయపూర్ పక్కన జావర్ ఉంది. వందల ఏళ్ల కిందట అక్కడి వాళ్లు వంకాయ ఆకారపు మట్టి మూసల్లో జింకును ఆవిరి చేసి, కిందికి దించి పట్టేవాళ్లు. వాడేసిన ఆ మూసలతో కట్టిన గోడలు ఇప్పటికీ ఉన్నాయి. జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది, ఆక్సైడ్ నుంచి విడదీయడానికి అంతకంటే ఎక్కువ వేడి కావాలి. అంటే పుట్టడమే ఆవిరిగా పుడుతుంది. గాలి తగిలితే మళ్లీ బూడిద. అంత మొండి లోహాన్ని వాళ్లు ఏ మీటరూ లేకుండా పట్టారు.

జులైలో వానలు పడ్డాయి. డ్యాం నిండింది, మంచినీళ్లు పుష్కలం. సీసం కాన్సన్‌ట్రేట్‌లో జింకు 4.6కి దిగింది. అందరూ అభినందించారు గానీ నాకు అనుమానం పోలేదు. బాగుచేసింది మా పైపులా, వానా? వాన కురిసినప్పుడు ఎవరి వైద్యమైనా పనిచేసినట్టే కనిపిస్తుంది. అందుకని కేసు రిపోర్టును అప్పుడు మూసేయలేదు. రోజూ మూడు చోట్ల నీటి నమూనా తీసి, రాగి కొలిచి, మందుల డోసుల పక్కనే రాయడం కొనసాగించాం.

మరుసటి ఏడాది ఏప్రిల్ 20 నాటికి డ్యాం నీళ్ల వాటా 82 శాతానికి చేరింది. బాల్ మిల్లుకు వెళ్లే నీళ్లలో రాగి 0.3. సీసం కాన్సన్‌ట్రేట్‌లో జింకు 5.4. ఫ్లోటర్ ఆ పొద్దున కూడా పళ్లెం తిప్పి చూసి, ల్యాబ్ చీటీ రాకముందే "అయిదున్నర ఉంటుంది, సాబ్," అన్నాడు. రిపోర్టు ఆ రోజు మూసేశాను.